తాగే మనిషి "నాకేం కాలే" అంటుంటే కౌన్సెలింగ్ పనిచేస్తదా? ఇంట్లోళ్లు ఎట్ల మాట్లాడాలె?

నర్సంపేట దిక్కు నుంచి ఒక చెల్లె అడిగింది. వాళ్ల అన్నకు నలభై లోపే, డీసీఎం నడుపుతడు, కొన్నేండ్ల సంది రోజూ తాగుడు, ఈ నడుమ పొద్దుగాల లేవంగనే కూడ క్వార్టర్ కావాలంటున్నడట. నాన్న తిడ్తడు, అమ్మ ఏడుస్తది, వదిన ఒకసారి పుట్టింటికి పోయి పిల్లల బడి కోసమని మళ్ల వచ్చింది. ఆయన మాత్రం "నాకేం కాలే, అనుకుంటే రేపే బంద్ చేస్త" అంటడు. ఆమె అడిగినయి మూడు. కౌన్సెలింగ్‌తోని ఇట్లాంటోళ్లు నిజంగ మారుతరా, లేకపోతే నలుగురం పట్టుకొని సెంటర్‌ల వేయాల్నా, ఎవరో తెచ్చిచ్చిన పొడి అన్నంల కలిపి పెట్టొచ్చా.

నేను హన్మకొండల ఉంట. తాగుడు, కల్లు, గంజాయి కేసులల్ల కౌన్సెలింగ్ చేసుడే నా పని, చాన ఏండ్ల సంది. డాక్టర్‌ను కాను, గోళీలు రాయను, అది ముందే చెప్తున్న.

సీదా జవాబు: మారుతరు, కౌన్సెలింగ్ పనిచేస్తది. పొడి అస్సలు కలపకండి. గుంజుకపోయి సెంటర్‌ల వేసుడు ఇప్పుడే వద్దు. కానీ పొద్దున్నే తాగుతున్నడు అని రాసిన్రు చూడండి, ఆ ఒక్క మాట వల్ల కౌన్సెలింగ్ కన్న ముందుగాల డాక్టర్ ముచ్చట చెప్పాల్సొస్తుంది.

పొద్దున లేవంగనే మందు కావాలంటే చాన మందికి అది సరదా కోసం కాదు. రాత్రంతా మందు లేక చేతులు వణుకుతయి, చెమటలు పడ్తయి, కడుపుల తిప్పుతది, రెండు గుక్కలు పడితేనే మనిషి నిలబడ్తడు. ఒళ్లు అంత అలవాటు పడ్డదన్నట్టు. ఇట్లాంటోళ్లు ఒక్కసారిగ బంద్ పెడితే ఆఖరి పెగ్గు తర్వాత 6 గంటల నుంచే వణుకుడు మొదలు కావొచ్చు, మొదటి రెండు రోజులల్ల ఫిట్స్ రావొచ్చు, రెండో రోజో మూడో రోజో కొందరికి లేనియి కనపడ్తయి, గోడ మీద పురుగులు పాకుతున్నయంటరు, ఎవరో కొట్టనీకి వస్తున్నరని బయటికి ఉరుకుతరు, సొంత బిడ్డను గుర్తువట్టరు. దీన్ని డిలీరియం ట్రెమెన్స్ అంటరు, వైద్యం అందకపోతే ప్రాణం పోతది. ఊర్లల్ల దీన్నే గాలి సోకిందనో ఎవరో ఏదో చేసిన్రనో అనుకొని దర్గాకో మంత్రగాని దగ్గరికో తీస్కపోతరు, ఆ రెండు రోజులే అసలు దవాఖానల ఉండాల్సిన రోజులు.

అందుకే అమ్మ మీద ఒట్టు వేయించి "ఇయ్యాల్టి సంది ముట్టను" అనిపించుడు నాకు భయం. అయ్యప్ప మాల సీజన్‌ల ఇట్లాంటి కేసులు కనపడ్తనే ఉంటయి, పొద్దుమాపు తాగే మనిషి పొద్దున మాల వేసుకుంటడు, రెండో రోజుకు పీఠం కాడనే ఫిట్స్‌తోని పడిపోతడు, చుట్టున్నోళ్లు మైల తగిలిందనుకుంటరు. భక్తి తప్పు కాదు, కానీ ముందు డాక్టర్‌కు చూపెట్టుకోవాలె. వరంగల్ ఎంజీఎం దవాఖానల సైకియాట్రీ ఓపీ ఉంటది, ప్రైవేట్ సైకియాట్రిస్టులు హన్మకొండల చాన మందే ఉన్నరు. క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి గోళీలు మొదట కొంచెం ఎక్కువ ఇచ్చి రోజురోజుకు తగ్గించుకుంట వారం పది రోజులల్ల ఆపేస్తరు, దాంతోటి థయామిన్, అంటే బీ1 విటమిన్ ఇస్తరు. ఇంతకు ముందు ఫిట్స్ వచ్చినోళ్లయితే ఇంట్ల కాదు, అడ్మిట్ చేసే చూడాలె. ఈ గోళీలు మెడికల్ షాపుల అడిగి తెచ్చుకొని సొంతంగ వేసుకునేటియి కావు, మందు మీద వేసుకుంటే శ్వాస ఆగే ప్రమాదం ఉంటది.

ఇంకోటి, నీరసమంటే ఆర్ఎంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తడు కదా. రోజూ తాగి సరిగ తిననోళ్ల ఒంట్ల థయామిన్ అడుగంటి ఉంటది, అది ఇయ్యకుండ వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు, నడక తూలుతది, కండ్లు అటిటు ఆడ్తయి, మతి తప్పుతది. అందుకని ఎక్కడికి తీస్కపోయినా సిగ్గుపడకుండ "రోజూ తాగుతడు సార్, ఇంత తాగుతడు, ఆఖరుసారి ఇప్పుడు తాగిండు" అని మొదటి మాటే అది చెప్పండి.

కల్లు తాగేటోళ్ల ఇంట్లోళ్లు ఇది చదువుతుంటే మీకు కూడ ఇదే మాట. చెట్టు కల్లు వేరు, దుకాణంల అమ్మే మందు కల్లు వేరు. అండ్ల అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటియి కలుపుతరన్నది మన తెలంగాణల అందరికి ఎరుకే. 2015ల కల్తీ కల్లు మీద సర్కారు గట్టిగ పట్టంగనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు వందల మంది ఫిట్స్‌తోని, పిచ్చి పిచ్చిగ చేసుకుంట దవాఖానల పాలైన్రు. "కల్లే గద, చల్వ చేస్తది" అనుకొని ఒక్కసారి ఆపిస్తే అట్ల అయితది.

సరే, ఇగ మాట్లాడుడు ముచ్చట.

మీ అన్న "నాకేం కాలే" అంటున్నడంటే ఆయనకు తెల్వదనుకుంటున్నరు. తెలుసు. అందరికన్న ఎక్కువ ఆయనకే తెలుసు, అద్దంల మొఖం చూసుకునేది ఆయనే. తాగే మనిషి మనసుల రెండూ ఉంటయి, తాగాలని ఉంటది, ఇగ చాలని కూడ ఉంటది. మనం పోయి "మానేయ్, పిల్లల మొఖం చూడు, లివర్ పోతది" అంటే మానేసే పక్షం మొత్తం మనమే మాట్లాడేసినం, ఆయనకు మిగిలింది ఏందంటే తాగుడు తరఫున వకాల్తా పుచ్చుకునుడు. అందరు తాగుతలేరా అంటడు, నా పైసలు నేను తాగుతున్న అంటడు, మా తాత తొంభై ఏండ్లు తాగి బతికిండు అంటడు. ఆ మాటలు వాదన కోసం అన్నా సరే, రోజుకు పదిసార్లు తన నోటితోని తనే అంటుంటే ఆయనకే నమ్మకం కుదురుతది. మనిషి వేరేటోళ్లు చెప్పిన కారణాలతోని మారడు, తన నోట్లకెళ్లి వచ్చిన కారణంతోని మారుతడు. నా పని మొత్తం ఆ కారణం ఆయన నోట్లకెళ్లి వచ్చేదాక ఓపికగ కూసునుడే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాల విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983ల ఈ పద్ధతి గురించి మొదటిసారి రాసిండు, తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్ కలిసిండు, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటరు. మిల్లర్ వాళ్లు 1993ల వేసిన ఒక స్టడీల కౌన్సెలర్ ఎంత ఎదురు వాదిస్తే, ఏడాది తర్వాత ఆ పేషెంట్ అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. తిట్టి బాగుచేద్దామనుకునే నాన్నలకు, అన్నలకు ఈ ఒక్క సంగతి చెప్తుంట నేను. గట్టిగ చెప్తే వింటరనేది మన అందరి నమ్మకం, పోలీసోళ్ల కౌన్సెలింగ్ అంటే కూడ మనకు అదే గద, నిలబెట్టి చెడామడా తిట్టుడు.

ఎట్ల నడుస్తదో ఒకటి చూపెడ్త. ఎనుమాముల మార్కెట్‌ల హమాలీ పని చేసే ఒకాయన, గుర్తువట్టకుండ కొంచెం మార్చి రాస్తున్న. బామ్మర్ది తోలుకొచ్చిండు. కూసునుడే గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు.

"నువ్వు రావాలనుకొని రాలేదు, గుంజుకొచ్చిన్రు" అన్న.

"అంతే గద సార్. నాకేమైంది? మార్కెట్‌ల ఎవడు తాగుతలేడు?"

"తాగితే నీకు ఏం మంచిగనిపిస్తది, అది చెప్పు ముందుగాల."

ఇట్ల అడిగితే మనిషి ఒక్కసారి మొఖం చూస్తడు, ఎందుకంటే ఇంతవరకు ఎవ్వరు అడగలే. "సార్, పొద్దంత మిర్చి బస్తాలు. ఆ ఘాటుకు గొంతు మండుతది, నడుము పడిపోతది. రెండు పెగ్గులు వడ్తెనే నిద్ర."

"ఒంటి నొప్పి మర్సిపోనీకి, నిద్ర కోసం."

"ఆఁ. నిద్ర కోసమే."

"మరి దీంతోని నీకు నచ్చనిది ఏమన్న ఉన్నదా?"

చానసేపు ఏం మాట్లాడలే. నేను కూడ మాట్లాడలే, ఆడ మనం నోరు తెరిస్తే పాయె. తర్వాత అన్నడు, "చిన్న బిడ్డ పక్కలకు వస్తలేదు సార్. వాసనొస్తుందంటది. వాళ్లమ్మ దిక్కు జరిగి పంటది."

ఇప్పుడు పక్కకు బామ్మర్ది ఉన్నడనుకోండి, టక్కున అంటడు "అయితే మానేయరాదు బావా! ఆ పిల్ల కోసమన్న మానేయ్!" అంటే ఏమైతదో మీకు ఎరుకే, "నువ్వు తాగవా? మొన్న దసరాకు ఎవడు పోసిండు?" అని ముచ్చట మొత్తం బామ్మర్ది మీదికి పోతది. నేను అన్నది ఇంతే, "బిడ్డ దూరం జరుగుతుంటే మనసుకు తట్టుకుంటలేదు." ఆయన కండ్ల నీళ్లు పెట్టుకొని ఇంకో పది మాటలు సొంతంగ చెప్పిండు, అండ్ల "తగ్గియ్యాలె సార్" అన్నది కూడ ఆయన మాటే. ఆ రోజు నేను మానేయమని ఒక్కసారి కూడ అనలే.

మీరు కౌన్సెలర్ కావాల్సిన పని లేదు గని ఈ పద్ధతిలకెళ్లి రెండు మూడు ఇంట్ల వాడుకోవచ్చు. ఒకటి, అవునో కాదో అనే ప్రశ్నలు అడగకండి. "మళ్ల తాగినవా?" అంటే "లేదు" అంటడు, మీకు వాసన వస్తనే ఉంటది, అబద్ధం మీద లొల్లి షురువైతది. దాని బదులు "ఈ నడుమ నీకు ఎట్లుంటుంది అన్నా, పానం మంచిగుంటుందా?" అని అడిగి ఊకోండి. ఇంకోటి, ఆయన అన్న మాటనే మీ మాటల్ల తిరిగి చెప్పండి, సలహా కలపకుండ. ఇది చూడనీకి అల్కగ ఉంటది గని మహా కష్టం, సలహా ఇయ్యకుండ రెండు నిమిషాలు ఉండలేం మనం.

పదిల ఎంత అనే ప్రశ్న కూడ మస్తు పనికొస్తది. "తాగుడు తగ్గించుడు నీకు ఎంత ముఖ్యం, సున్న నుంచి పది దాక ఒక నంబర్ చెప్పు" అంటే "మూడు" అంటడనుకోండి. అందరు అడిగేది "మూడేనా? ఎనిమిది ఎందుకు కాదు?" అప్పుడు ఆయన కుంటిసాకులు ఒక్కొక్కటి చెప్తడు. మీరు తిప్పి అడగండి, "సున్న అనకుండ మూడు అన్నవు కదా, ఎందుకన్నవు?" ఇప్పుడు జవాబు చెప్పాలంటే మానేయాల్సిన కారణాలే చెప్పాలె, వేరే తొవ్వ లేదు. మొన్న యాక్సిడెంట్ తప్పింది, ఓనర్ ఇంకో డ్రైవర్‌ను చూస్తున్నడు, వదిన మళ్ల పోతదేమో అని భయం, ఏదో ఒకటి వస్తది. అది పట్టుకోండి.

మెచ్చుకునే కాడ నిజం ఉండాలె. "నువ్వు బంగారం అన్నా" లాంటియి తాగేటోళ్లు మొఖం మీదనే పసిగడ్తరు. పోయినేడు మాలల ఉన్నప్పుడు 41 రోజులు ఆగిండనుకోండి, దాని గురించి చాన మంది "మాల తీసిన రోజే తాగిండు" అని ఎక్కిరిస్తరు. నేను అడిగేది ఇంకోటి, "41 రోజులు ఎట్ల ఆగినవ్? సాయంత్రం ఏడు గంటలకు ఏం చేసేటోనివి? ఎవలతోని తిరిగేటోనివి?" చెప్పుకుంట పోతే ఆయనకే తెలుస్తది, పొద్దున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, పాత దోస్తులు దగ్గరికి రాలే, ఊరంత స్వామీ అని పిలిచిన్రు. ఆ నలభై రోజులల్ల ఆయనకు దొరికిన మర్యాద మనం ఇంట్ల మిగిలిన రోజులు ఇస్తలేమేమో, ఇది నా అభిప్రాయం, ఎవలైనా కాదంటే వింట.

ఎన్ని సిట్టింగులు పడ్తది అని అడుగుతరు అందరు. అమెరికాల 1,726 మంది మీద చేసిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద స్టడీ రిజల్ట్ 1997ల వచ్చింది, 4 సిట్టింగుల మోటివేషన్ పద్ధతి, 12 సిట్టింగుల మిగతా పద్ధతులు, ఆఖరికి ఫలితాలల్ల పెద్ద తేడా రాలే. అంటే ఏడాదంతా తిరగాల్సిన పని అందరికి ఉండదు. కానీ తీవ్రంగ అలవాటు పడ్డోళ్లకు కౌన్సెలింగ్ ఒక్కటే సరిపోదు, గోళీలు, తర్వాత ఫాలో అప్ అన్నీ కలవాలె. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి గోళీలు తాగాలనే గుంజుడును తగ్గిస్తయి, అందరికి పడవు, లివర్, కిడ్నీ టెస్టులు చూసి డాక్టర్ రాస్తడు.

ఇప్పుడు ఇంట్లోళ్ల ముచ్చట, నాకు దీని మీద చెప్పేది ఎక్కువుంది. "ఆయన ఒప్పుకొని వస్తేనే ఏమన్న చేస్తం, లేకపోతే ఏం చేయలేం" అంటరు చాన మంది. అది నిజం కాదు. మనిషి రాకున్నా ఇంట్లోళ్లకు నేర్పించే పద్ధతి ఉన్నది, క్రాఫ్ట్ అంటరు, రాబర్ట్ మేయర్స్ తయారు చేసింది. 1999ల 130 మంది ఇంట్లోళ్ల మీద దీన్ని పోల్చి చూసిన్రు. ఈ పద్ధతి నేర్చుకున్నోళ్ల ఇండ్లల్ల 64 శాతం మంది తాగేటోళ్లు వైద్యానికి వచ్చిన్రు, అందరు కలిసి నిలదీసే పద్ధతిల 30 శాతం, ఇంట్లోళ్లు వట్టిగ సపోర్ట్ గ్రూప్‌లకు పోయిన కాడ 13 శాతం. అమెరికా లెక్కనే, మన దగ్గర అచ్చం గట్లనే వస్తదని నేను అనను, కానీ పద్ధతి మన ఇండ్లకు కూడ మంచిగనే కుదురుతది.

దాని సారం ఏందంటే తాగని టైం ఇంట్ల తియ్యగుండాలె, తాగిన టైం చప్పగుండాలె. మన ఇండ్లల్ల ఉల్టా నడుస్తది. తాగొచ్చిన రోజు ఇంటిల్లిపాది ఆయన చుట్టే, తిట్టుడు, ఏడ్సుడు, కాళ్లు కడుగుడు, అన్నం కలిపి పెట్టుడు. తాగని రోజు ఎవ్వరు పట్టించుకోరు, పైగ "ఇయ్యాల సూర్యుడు ఎటు పొడిసిండో" అని ఒక సూటిపోటి మాట. దీన్ని తిప్పండి. తాగని సాయంత్రం పక్కకు కూసోండి, ఆయనకు ఇష్టమైన కూర వండండి, "ఇయ్యాల నువ్వు ఇట్ల ఉంటే పానం నిమ్మలంగ ఉన్నది" అని ఒక్క మాట అనండి, అంతే, దాని వెనుక "రోజూ ఇట్లనే ఉండొచ్చు గద" అనే తోక తగిలియ్యకండి. తాగొచ్చిన రాత్రి వాదన వద్దు, "నువ్వు తాగి ఉన్నవ్, పొద్దున మాట్లాడ్త" అని పక్కకు జరగండి. తాగి పన్న మనిషికి పొద్దున సగం యాదికుండదు, మీరు రాత్రి పెట్టిన లొల్లి మొత్తం వేస్ట్.

తాగుడు వల్ల వచ్చిన నష్టాన్ని మీరు మోయకండి. బెల్టు షాపుల ఉద్దెర అమ్మ కట్టుడు, ఓనర్‌కు ఫోన్ చేసి "జొరమొచ్చింది" అని వదిన అబద్ధం చెప్పుడు, ఇయి ఆపాలె. కోపంతోని కాదు, ముందే నిమ్మలంగ చెప్పి. అన్నం పెట్టుడు, దవాఖానకు తీస్కపోవుడు మాత్రం ఆపేటియి కావు. డీసీఎం తాళం చెవి ముచ్చటల కూడ మొహమాటం వద్దు, తాగి ఉన్నప్పుడు తాళం ఇయ్యొద్దు, ఆడ రోడ్డు మీద వేరేటోళ్ల పిల్లలు కూడ ఉంటరు.

చెయ్యి లేపుతుంటే ఈ పద్ధతులు అన్నీ పక్కకు పెట్టండి. వదిన, పిల్లలు ముందు సేఫ్‌గ ఉండాలె, 112కు ఫోన్ చేయండి, ఆడోళ్లకు 181 ఉన్నది. తాగి "చస్త" అన్నా అది తాగుబోతు మాట అని కొట్టిపడేయొద్దు. పత్తి, మిర్చి వేసే ఇండ్లల్ల గడ్డిమందు, పురుగుల మందు డబ్బాలు మంచం కిందనో అటక మీదనో ఉంటయి, ఈ పూటనే తీసి ఇంటి బయట తాళం వేసే కాడ పెట్టండి. ముఖ్యంగ పారాక్వాట్ గడ్డిమందు, దానికి విరుగుడు లేదు, ఒక్క గుక్క తాగి తర్వాత బతకాలనుకున్నా బతికించుకునుడు కష్టం.

అన్నంల కలిపే పొడి సంగతి. "తెల్వకుండ తాగుడు మాన్పిస్తం" అని పోస్టర్లు, ఫోన్ల వీడియోలు వస్తయి. అండ్ల ఏమున్నదో అమ్మేటోనికే సరిగ తెల్వదు. కొంతమంది డైసల్ఫిరామ్ గోళీలనే నూరి కలుపుతరు. అది ఒంట్ల ఉండంగ మందు తాగితే మొఖం ఎర్రబడ్తది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోతది, గుండె జబ్బు ఉన్నోళ్లకైతే ప్రాణం మీదికొస్తది. డాక్టర్లు ఈ గోళీ ఇస్తరు, కానీ మనిషికి అన్ని వివరంగ చెప్పి, ఆయన ఒప్పుకున్నంక, మందు ముట్టి కనీసం 12 గంటలు దాటినంక. తెల్వకుండ పెట్టిన్రు అనుకోండి, ఆయన ఆ రాత్రి క్వార్టర్ తాగి బైపాస్ మీద డీసీఎం నడుపుతుంటే ఏమైతది? ఇంకోటి, ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తది, అప్పటిసంది వదిన పెట్టిన అన్నం మీద నమ్మకం పోతది, మనం ఇంత కష్టపడి జమ చేసుకుంటున్నది ఆ నమ్మకమే.

సెంటర్‌ల గురించి. మంచియి ఉన్నయి, కొట్టేటియి కూడ ఉన్నయి. రాత్రి నలుగురు వచ్చి కాళ్లు చేతులు కట్టి బండిల వేసుకపోయే సెంటర్లు ఉన్నయని మీకు ఎవరో చెప్పే ఉంటరు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ కింద తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడ వస్తయి, ఆ చట్టంల గొలుసులతోని కట్టేసుడు పూర్తిగ నిషేధం. ఆయన తేరుకొని ఆలోచించే స్థితిల ఉంటే ఆయన సమ్మతి మీదనే అడ్మిషన్, మతి తప్పి ఉన్నప్పుడు ఇంట్లోళ్ల ద్వారా చేర్పించే పద్ధతి వేరే ఉన్నది, దాన్ని డాక్టర్లు పరీక్ష చేసి నిర్ణయిస్తరు. మీరు సెంటర్ చూసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్నదా, సైకియాట్రిస్ట్ వస్తడా, రాత్రిపూట ఫిట్స్ వస్తే ఎవరు చూస్తరు, ఇంట్లోళ్లను కలువనిస్తరా అని అడగండి. "మూడు నెలలు కలువొద్దు, ఫోన్ ఇయ్యం" అన్న కాడ వేయకండి. బలవంతంగ పోయినోళ్లల్ల కూడ బాగైనోళ్లున్నరు, నేను కాదన. కానీ చాన మంది లోపటున్నన్ని రోజులు ఎవలు నన్ను పట్టిచ్చిన్రు, బయటికొచ్చి వాళ్ల సంగతి ఎట్ల చెప్పాలె అనే లెక్కలోనే ఉంటరు, తాగుడు గురించి ఆలోచన షురువే కాదు.

బాగైనంక మళ్ల తాగితే? తాగుతరు, చాన మంది ఒకసారి కాకుంటే ఒకసారి జారుతరు. మత్తు అలవాట్లల్ల 40 నుంచి 60 శాతం మంది మళ్ల పడ్తరని లెక్క, బీపీ, ఆస్తమా పేషెంట్లు గోళీలు ఆపి మళ్ల ముదరబెట్టుకునేది కూడ ఇంచుమించు అంతే. బీపీ పెరిగితే ఎవ్వరు "ఛీ, నీకు బుద్ధి లేదు" అనరు, గోళీ మారుస్తరు. ఒక్క పెగ్గు పడ్డ తర్వాత మనిషి మనసుల "ఇగ అంత పాడైంది, తాగితే ఏంది ఇంక" అనేది మొదలైతది, అసలు ముంచేది ఆ ఆలోచనే. ఆ రోజు మీరు కూడ "మేం అనుకున్నదే" అంటే ఆయన లోపటి మాటకు మీరు స్టాంపు వేసినట్టు. "నెల రోజులు ఆగినవ్, నిన్న ఒక్క రోజు జారింది, ఏం జరిగింది నిన్న?" అని అడగండి, ఆ జవాబుల వచ్చేసారికి జాగ్రత్త దొరుకుతది.

మన దిక్కు జారేటి జాగలు ముందే తెలుసు. దసరా మటన్, చావు ఇంట్ల దినాలు, మేడారం జాతర, కిరాయి పైసలు చేతికొచ్చిన రోజు, వదినతోని లొల్లి పడ్డ సాయంత్రం. వాటికి ముందే ప్లాన్ చేసుకోవాలె. దినాలకు పోకుండ ఉండలేం, అయితే పొద్దున పోయి పూలు వేసి పొద్దుగూకక ముందే ఇంటికి రావాలె, తాగే సిట్టింగ్ షురువయ్యేదాక ఉండొద్దు. "ఒక్కటే పెగ్గు రా, మన దోస్తాన్ కోసం" అనేటోనికి నీతులు చెప్పుకుంట కూసుంటే పని కాదు, "డాక్టర్ గోళీలల్ల ఉన్న, తాగితే పానం పోతదన్నడు" అనే మాట మా దగ్గర అందరి కన్న మంచిగ పనిచేస్తున్నది, ఇంటి కాడ పెద్ద గొంతుతోని రెండు మూడు సార్లు అని ప్రాక్టీస్ కూడ చేయిస్త, నవ్వుకుంటరు గని ఆడ నోరు తిరుగుతది. తాగాలని గుంజుడు మొదలైతే అది పెరిగి పెరిగి సాధారణంగ అరగంటల దిగిపోతది, ఆ అరగంట తిని, తిరిగి, ఎవలికన్న ఫోన్ చేసి దాటేయాలె. ఆకలి మీద, కోపం మీద, ఒంటరిగ, నిద్ర లేక ఉన్నప్పుడు గుంజుడు ఎక్కువ, డ్రైవర్లకైతే ఈ నాలుగూ ఒక్క రాత్రిలనే ఉంటయి, అందుకే లైన్ మీద పోయే ముందు కడుపు నిండ తినమని చెప్త.

ఇంకా ఒక మాట, తాగేటోళ్లకు వైద్యం దొరకడమే మన దేశంల తక్కువ. కేంద్ర సర్కారు కోసం ఎయిమ్స్ వాళ్లు చేసి 2019ల బయటపెట్టిన సర్వేల, మందుకు పూర్తిగ అలవాటు పడ్డ 38 మందిల ఒక్కరికే ఏదో ఒక రకం సాయం అందింది. మీ అన్నను ఆ ఒక్కరిల కలపాలంటే మొదటి అడుగు ఆయన వేయాల్సిన పని లేదు. 14416 టెలీమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడ్తరు, రాత్రి పగలు ఎప్పుడైనా, ఉచితం. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446. అన్న రాకున్నా మీరు, వదిన ఇద్దరే సైకియాట్రీ ఓపీకి పోయి డాక్టర్‌తోని మాట్లాడొచ్చు, రోజుకు ఎంత తాగుతున్నడు, ఎన్నింటికి మొదలు పెడ్తడు, వేరే ఏమన్న జబ్బులున్నయా, ఒక కాగితం మీద రాసుకొని పోండి. ఆయన్ను పిలిచే కాడ "తాగుడు మాన్పించనీకి" అనకండి, నిద్ర పట్టుడో, కడుపుల మంటో, చేతుల వణుకుడో, ఆయనకు నిజంగ ఇబ్బంది పెడుతున్నది ఏదుంటే దాని కోసం రమ్మనండి, డాక్టర్ మిగతాది చూసుకుంటడు. పిలిచేది పొద్దున, మందు పడ్డంక కొంచెం నిమ్మలంగ ఉన్నప్పుడు, నాన్న లేనప్పుడు.

రెండు సంగతులు తెలియాలె నాకు. ఆయనకు ఎప్పుడన్న ఫిట్స్ వచ్చినయా, ఒకటి రెండు రోజులు మందు దొరకనప్పుడు ఎట్లుండె? కింద రాయండి, దాన్ని బట్టి ముందు ఓపీనా, సీదా అడ్మిషనా అన్నది డాక్టర్‌ను ఎట్ల అడగాల్నో చెప్త.